ఆపరేషన్ సమయంలో ఒంటిని వెచ్చగా ఉంచితే తరువాత వాంతులు తగ్గుతాయా?

మీ అమ్మగారికి వచ్చే వారం బెంగళూరులో పిత్తాశయం తీసే లాప్రోస్కోపీ ఆపరేషన్ ఉందనీ, గతంలో వెన్నులో మత్తు ఇచ్చి గర్భసంచి ఆపరేషన్ చేసినప్పుడు ఆమె విపరీతంగా వణికి, ఆ తరువాత వాంతులతో బాధపడ్డారనీ, ఈసారి థియేటర్లో వేడిగాలి దుప్పటి (యంత్రంతో వెచ్చని గాలి నింపే దుప్పటి) వేయిస్తే ఆ బాధ తప్పుతుందా అనీ అడిగారు. నేను ఈ నగరంలోనే మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి వచ్చే తెలుగువారు నా దగ్గర ఎక్కువ కాబట్టి ఇలాంటి ప్రశ్న తరచుగా వింటూ ఉంటాను. దుప్పటి తప్పకుండా అడగండి, అయితే వాంతులు ఆపే పని దానికే వదిలేయకండి.

ఒళ్లు చల్లబడటానికి థియేటర్‌లోని ఏసీయే కారణమని చాలామంది అనుకుంటారు. దాని పాత్ర కొంత ఉన్నా, మొదటి గంటలో జరిగేది ప్రధానంగా వేరు: మత్తు మందు రక్తనాళాలను వదులు చేయడంతో, అంతవరకు గుండె, కాలేయం వంటి లోపలి అవయవాల దగ్గర నిలిచి ఉన్న వేడి కాళ్లకూ చేతులకూ వెళ్లిపోతుంది, ఫలితంగా లోపలి ఉష్ణోగ్రత ఒకటి నుంచి ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోతుంది. అది 36 డిగ్రీల కంటే తగ్గకుండా చూడాలన్నది మా లక్ష్యం. ఈ మొదటి పతనాన్ని ఆపరేషన్ మొదలైన తరువాత పూడ్చడం కష్టం కనుక, మత్తు ఇవ్వడానికి ముందే కొంతసేపు ఒంటిని వెచ్చబరచడం మేలు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు 30 నిమిషాలకు మించి మత్తులో ఉండేవారికి వేడిగాలి దుప్పటి వాడమని చెప్పాయి.

దీని లాభాలు చిన్నవి కావు. 1996లో ప్రచురితమైన, 200 మంది పెద్దపేగు ఆపరేషన్ రోగులపై జరిగిన అధ్యయనంలో, వెచ్చగా ఉంచినవారిలో 6 శాతం మందికి గాయం చీము పట్టగా, చల్లబడినవారిలో 19 శాతం మందికి పట్టింది. వణుకు తగ్గడం కూడా బాగా రుజువైన విషయమే. వాంతుల విషయంలో మాత్రం పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు.

అయినా నేను వెచ్చదనానికీ వాంతులకూ సంబంధమే లేదని అనను, ఎందుకంటే మన ఆసుపత్రుల్లో ఆ రెంటినీ కలిపే దారి ఒకటి ఉంది. వెన్నులో మత్తు ఇచ్చిన రోగి వణికితే చాలాచోట్ల ట్రమడాల్ అనే నొప్పి మందు ఇంజెక్షన్ ఇస్తారు; వణుకు ఆగుతుంది, కానీ వికారం, వాంతులు ఆ మందుకు బాగా తెలిసిన దుష్ప్రభావాలు. మీ అమ్మగారికి అప్పుడు అదే జరిగిందో, లేక వెన్ను మత్తు వల్ల రక్తపోటు పడిపోయి వాంతులయ్యాయో ఇక్కడి నుంచి చెప్పలేను. పాత డిశ్చార్జి కాగితాలు ఉంటే డాక్టరుకు చూపించండి. వణుకే రాకుండా చూస్తే ఆ ఇంజెక్షన్ అవసరమూ పడదు. నా అనుభవంలో దుప్పటి వాంతులకు చేసే మేలు ఎక్కువగా ఈ రూపంలోనే కనబడింది.

వాంతుల ముప్పును అంచనా వేయడానికి మేము వాడే ఆప్ఫెల్ స్కోరులో నాలుగు అంశాలే ఉన్నాయి: స్త్రీ కావడం, పొగతాగే అలవాటు లేకపోవడం, ప్రయాణంలో గానీ గత ఆపరేషన్ తరువాత గానీ వాంతులైన చరిత్ర, ఆపరేషన్ తరువాత మార్ఫిన్ తరహా నొప్పి మందులు వాడవలసి రావడం. (తెలుగువారిని నేను తిరుమల ఘాట్ రోడ్డులో డోకు వస్తుందా అని అడుగుతాను, జవాబు వెంటనే వస్తుంది.) నాలుగూ ఉంటే ముప్పు దాదాపు 80 శాతం, మూడుంటే 60. మీ అమ్మగారు పొగతాగరనుకుంటే, ఇప్పటికే మూడు ఉన్నట్టే.

కాబట్టి ముందస్తు పరీక్షలో మత్తు డాక్టరుతో పాత సంగతి స్పష్టంగా చెప్పండి. వాంతులు రాకుండా డెక్సామెథసోన్, ఆన్డాన్సెట్రాన్ వంటి రెండు వేర్వేరు మందులు ముందుగానే ఇవ్వడం, పీల్చే మత్తుకు బదులు ప్రొపోఫాల్ అనే మత్తు మందును నరం ద్వారానే కొనసాగించడం, నొప్పికి పారాసెటమాల్ వంటివి వాడి మార్ఫిన్ తరహా మందులను తగ్గించడం గురించి అడగవచ్చు. థియేటర్ బయట వేచి ఉండే సమయంలోనే ఆమెకు దుప్పటి కప్పమని నర్సుతో చెప్పండి. ఇంటి నుంచి వేడినీళ్ల సంచి మాత్రం తీసుకురాకండి. మత్తులో ఉన్న మనిషికి చర్మం కాలుతున్నా తెలియదు.