పాత జీపు డిఫరెన్షియల్: ఏది కొత్తది కొనాలి, ఏది పాతది చాలు

చెన్నైలో కొత్తగా ఉద్యోగంలో చేరి, నాన్నగారి పాత మహీంద్రా జీపును నెల్లూరు నుంచి తెచ్చుకున్న మీరు, దాని వెనుక డిఫరెన్షియల్‌ను (ఇంజను శక్తిని వెనుక రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టెను) ఇంటి దగ్గరే విప్పి కట్టుకోవటానికి ఏ సామాను కొనాలని అడిగారు. ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి, సామాను సంగతి ఆ తరువాత. ఇంటి అడ్వాన్సు కట్టి, ఊరికి డబ్బు పంపుతూ నెట్టుకొచ్చే ఈ రోజుల్లో అక్కరలేని క్రౌన్ సెట్టు (పెద్ద పళ్ళ చక్రమైన క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పినియన్ కలిసిన జత) కొన్నారంటే, ఆ లోటు పూడటానికి నెలలు పడుతుంది. మీ వయసులో ఇది పెద్ద విషయంగా కనిపించదు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఊళలా వచ్చి, కాలు తీయగానే మారిపోయే చప్పుడు సాధారణంగా క్రౌన్, పినియన్ పళ్ళది. తొక్కినా వదిలినా ఒకే తీరున గరగరమనేది బేరింగులది. క్లచ్చి వదలగానే టక్కుమని కొడితే డిఫరెన్షియల్ లోపలి చిన్న స్టార్ గేర్లు, వాటి వెనుక ఉండే థ్రస్ట్ వాషర్లు అరిగి ఉండవచ్చు. గేర్‌బాక్సు వైపు నుంచి డిఫరెన్షియల్‌కు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్ళు, అంటే క్రాసులు కూడా అదే చప్పుడు చేస్తాయి కనుక, ముందు వాటిని చేత్తో పట్టి ఊపి చూడండి.

నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో ఇవి చెప్పే తెలుగువారెవరూ దగ్గర లేరు, నాకు తమిళం రాదు. పాత బండి సామాను అమ్మే పుదుప్పేటలో ఒక కొట్లో పాత క్రౌన్, మరో కొట్లో పాత పినియన్ కొన్నాను. పళ్ళ లెక్క, క్రౌన్‌కు 43, పినియన్‌కు 8, సరిగ్గా కుదిరింది, పళ్ళ మీద ఎక్కడా గాటు లేదు, రెండూ కలిపి కొత్త సెట్టు ధరలో సగం కూడా కాలేదు. బండి తాంబరం చేరకముందే ఊళ మొదలయింది. షిమ్ములు (సందు సరిచేయటానికి వేసే పలుచని రేకు వాషర్లు) మార్చి ఎన్నిసార్లు బిగించినా అది తగ్గలేదు. చివరికి పళ్ళ అంచులు పెచ్చులూడి, ఆ ఇనుప రజను నూనెలో తిరిగి, కొత్తగా వేసిన బేరింగులను కూడా తినేసింది. మిగిలిందనుకున్న డబ్బుకు మించి ఖర్చయింది. క్రౌన్‌నూ పినియన్‌నూ తయారీలోనే ఒకదానితో ఒకటి రాపిడి పెట్టి జత చేస్తారు; తిరగలి రాళ్ళలాగా ఒక జతలోది ఇంకో జతకు నప్పదు. రెండింటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని వెలుతురులో తిప్పి చూడటం నాకు నేర్పినది జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త సామాను అమ్మే ఒక పెద్దాయన. ఆ తరువాత మా పెరట్లో కట్టిన హౌసింగు (డిఫరెన్షియల్ పై పెట్టె) ఏదీ మళ్ళీ విప్పవలసి రాలేదని గర్వంగానే చెప్పుకుంటాను.

మీది ముందు చక్రాలకు కూడా డ్రైవు ఉన్న జీపయితే, సెట్టు కొనేముందు పళ్ళు మీరే లెక్కపెట్టండి. పాత జీపుల్లో 43కి 8, అంటే 5.38 నిష్పత్తి ఉంటుంది; 39కి 8, అంటే 4.88 కూడా కనిపిస్తుంది. ముందు యాక్సిల్‌లో ఒకటి, వెనుక మరొకటి ఉంటే, నాలుగు చక్రాల డ్రైవు వేసి గట్టి రోడ్డు మీద నడిపినప్పుడు రెండూ పెనుగులాడి, ముందు వెనుక యాక్సిల్‌లకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది.

బేరింగులు, ఆయిల్ సీలు, పినియన్ నట్టు మాత్రం తప్పనిసరిగా కొత్తవే కొనండి. పేరున్న కంపెనీల బేరింగులకు నకిలీలు విరివిగా ఉన్నాయి కాబట్టి అధీకృత డీలరు దగ్గర బిల్లుతో తీసుకోండి. బేరింగు లోపలి భాగమైన కోను కొత్తది వేసి, బయటి రింగైన కప్పు పాతది ఉంచవద్దు. హౌసింగు, కవరు, పళ్ళ గాడులు మెలితిరగని యాక్సిల్ షాఫ్టులు పుదుప్పేటలోనే చూసుకోవచ్చు. సైడు బేరింగుల క్యాపులు హౌసింగుతో కలిపి తొలిచినవి, అందువల్ల విప్పేముందే ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు చుక్కలు పంచ్‌తో కొట్టుకోండి. బేరింగులు ఎక్కించటానికి ప్రెస్సు కొనే పని లేదు, లేత్ షాపులో కూలి ఇస్తే చాలు. పళ్ళ మధ్య సందును కొలిచే డయల్ గేజి అరువు దొరికితే తెచ్చుకోండి. ఆ సందు, అంటే ఆట, ఎంతుండాలో మాన్యువల్‌లో ఉంటుంది. పళ్ళకు ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పూసి తిప్పినప్పుడు ముద్ర పంటి మధ్యన పడేదాకా షిమ్ములు మారుస్తూనే ఉండండి.

ఆంధ్ర నంబరు బండిని 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే మళ్ళీ రిజిస్టరు చేయించాలి, ఆ వివరాలు ఆర్టీవో కార్యాలయంలో తెలుసుకోండి. పాత సామానుకు కూడా బిల్లు అడగండి.

నూనె జి.ఎల్.-5 గుర్తున్నదే పోయండి, పినియన్ క్రౌన్ నడిమికి కాక పక్కకు జరిగి ఉండే ఇలాంటి హైపాయిడ్ పళ్ళకు అది అవసరం. కొత్త సెట్టు వేస్తే మొదటి 800 కిలోమీటర్లకే ఆ నూనె దించి, దాన్ని తెల్లగుడ్డలో వడగట్టి, రజను ఎంత వచ్చిందో చూసి, కొత్త నూనె నింపండి.