బడి రికార్డులో పదిహేడు, ఆధార్‌లో పంతొమ్మిది

ప్రశ్న: మాది గుంతకల్లు దగ్గర పల్లె. మా తమ్ముడు తొమ్మిదో తరగతితో చదువు మానేశాడు. చిన్నప్పుడు ఆధార్ తీయించేటప్పుడు నోటికొచ్చిన తేదీ చెప్పడంతో వయసు రెండేళ్లు ఎక్కువ పడింది. గత నెల రాత్రిపూట హైవేపై లారీ డ్రైవరును బెదిరించి డబ్బు, ఫోను లాక్కున్నారన్న కేసులో ఇద్దరు పెద్దవాళ్లతోపాటు వాణ్ణీ పట్టుకుని, ఆధార్ ప్రకారం 19 ఏళ్లని రాసి జైలుకు పంపారు. బడి లెక్కలో వాడికి 17 ఏళ్లే. ఎముకల పరీక్ష చేయిస్తే సరిపోతుందా? పెద్దవాళ్లతో సమానంగా శిక్ష పడుతుందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: ఎముకల పరీక్ష ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. పద్దెనిమిదేళ్లలోపు వారి కేసులకు వర్తించే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి మొదట చూడవలసింది బడి ఇచ్చే పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం చూస్తారు. ఈ రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. ఆ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చునని కోర్టులే ఎన్నోసార్లు అన్నాయి కనుక, పదిహేడేళ్ల పిల్లవాడి విషయంలో దాన్ని నమ్ముకోవడం ప్రమాదం. ఆధార్ ఈ వరుసలోనే లేదు. అది పుట్టినతేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అయితే బడి నుంచి తెచ్చే కాగితం విషయంలో జాగ్రత్త అవసరం. టీసీ, అడ్మిషన్ రిజిస్టరు నకలు 94వ సెక్షన్ కోరే పత్రాలు కావని 2023లో సుప్రీంకోర్టు ఒక పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో తేల్చింది. అందువల్ల హెడ్‌మాస్టరు గారిని పుట్టినతేదీ సర్టిఫికెట్టే అడగండి. రిజిస్టరుతో వచ్చి సాక్ష్యం చెప్పేలా ఆయనకు సమన్లు పంపమని మీ వకీలు కోర్టును కోరాలి. నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకుని వెళ్లడం మనవైపు అలవాటే గానీ, ఈ విచారణలో అఫిడవిట్‌ను సాక్ష్యంగా తీసుకోకూడదని అదే చట్టం 9వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అరెస్టు తర్వాత హడావుడిగా నమోదు చేయించిన జనన ధ్రువపత్రాన్నీ ఏ జడ్జీ అనుమానించకుండా వదలడు.

లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన రోజున ఉన్న వయసు. విచారణ మధ్యలో పద్దెనిమిది నిండినా ఫరవాలేదు. మైనరునన్న వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు ముగిశాక కూడా లేవనెత్తవచ్చు. 1994 నాటి పుణె హత్యల కేసులో మరణశిక్ష పడిన ఒకరు నేరం నాటికి పన్నెండేళ్లవాడని రాజస్థాన్‌లోని బడి రికార్డు ఆధారంగా తేలి, 28 ఏళ్లకు పైగా జైల్లో గడిపాక 2023 మార్చిలో విడుదలయ్యాడు. మీరు అంత ఆలస్యం చేయకండి.

ఇక శిక్ష. కనీస శిక్ష ఏడేళ్లు, అంతకు మించి ఉన్న నేరాలను మాత్రమే ఘోర నేరాలంటారు. పదహారు దాటినవారి మానసిక పరిపక్వతను అంచనా వేసి పెద్దవారిలా విచారించాలా అని జువెనైల్ జస్టిస్ బోర్డు (మైనర్ల మీది కేసులు విచారించేది) ఆలోచించేది వాటిలోనే. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 309వ సెక్షన్ కింది దోపిడీకి గరిష్ఠ శిక్ష రాత్రిపూట హైవే మీదైతే 14 ఏళ్ల వరకు ఉన్నా, కనీస శిక్ష లేదు కనుక అది ఆ కోవలోకి రాదు. మారణాయుధం వాడారనో, తీవ్రంగా గాయపరిచారనో 311వ సెక్షన్ చేర్చితే మాత్రం కనీసం ఏడేళ్లు ఉంది, అప్పుడు పరిస్థితి మారుతుంది. కాబట్టి ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లు వేశారో ముందు చూడండి. 309 ఒక్కటే అయితే, నేరం రుజువైనా బోర్డు వేయగల అత్యధిక శిక్ష స్పెషల్ హోమ్‌లో (మైనర్లను ఉంచే సంస్కరణ గృహంలో) మూడేళ్లు. హెచ్చరించి వదలడం, సమాజసేవ చేయించడం, ప్రొబేషన్ మీద (సత్ప్రవర్తన షరతుతో) ఇంటికి పంపడం కూడా దాని చేతిలోనే ఉన్నాయి.

రిమాండు విధించిన కోర్టులోనే వెంటనే పిటిషన్ వేయించండి. మైనరని తేలితే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళుతుంది, బెయిలు కూడా జువెనైల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ కింద సులువవుతుంది. వకీలు ఖర్చు భరించలేకపోతే అనంతపురంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. జైల్లో ఉన్నవారికి, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.