ముందు అబద్ధం రాయి, పాత్ర తర్వాత

తమ్ముడూ,

నువ్వు రాసి పంపిన ఆట, అదే రహస్యంగా పాత్రల కార్డులు పంచుకుని మాటల్తో దొంగల్ని కనిపెట్టే ఆట, మొత్తం శ్రద్ధగా చదివాను. జాతర ముందురోజు రాత్రి అమ్మవారి నగలు పోవడం, దొంగలు ఊళ్లోవాళ్లలోనే ఉండటం, పొద్దున్నే రచ్చబండ దగ్గర అందరూ చేరి అనుమానం ఉన్నవాణ్ణి పొలిమేర దాటించడం, కథ బాగుంది. పాత్రల వెనక కథలు ఇంకా బాగున్నాయి. మునసబు కూతురి పెళ్లికి చేసిన అప్పు, పూజారి రేచీకటి చదువుతుంటే ఒక నవలకి సరిపడా సరుకు నీ దగ్గర ఉందనిపించింది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

పాత్రల్ని నువ్వు కథ రాసేవాడిలా చూశావు. కథలో పాత్రని మనం నడిపిస్తాం. ఈ ఆటలో కార్డు అందుకున్న మనిషి నడిపిస్తాడు. అతని చేతిలో ఉన్నది మాట ఒక్కటే. కాబట్టి రాసిన ప్రతి పాత్రనీ ఇలా పరీక్షించు: పగలు అందరూ గుమిగూడినప్పుడు ఈ పాత్ర తన గురించి ఏం చెప్పుకుంటుంది? అదే మాట ఒక దొంగ కూడా ధైర్యంగా చెప్పగలడా? చెప్పలేడంటే ఆ పాత్ర ఎంత ముచ్చటగా ఉన్నా తీసెయ్.

నీ కరణాన్నే తీసుకో. "రాత్రి ఒకరి కార్డు చూడొచ్చు, పొద్దున తన కార్డు అందరికీ చూపించొచ్చు" అని రాశావు. కరణం కార్డు తిప్పి "నేను చూశాను, ఫలానావాడు దొంగ" అన్నాడంటే ఇంకేం మిగిలింది? ఎవరూ వాదించరు, ఎవరికీ చెమటలు పట్టవు, ఓటేసి ఇంటికి పోతారు. అదే కార్డు చూపించే హక్కు తీసేసి చూడు. ఇప్పుడు దొంగ కూడా లేచి "అబద్ధం, అసలు కరణాన్ని నేను" అనగలడు. ఇద్దరు కరణాలు ఎదురెదురుగా నిలబడతారు. నిన్నటి ఓటు ఎవరిది, ఎవరు తడబడ్డారు, ఎవరు ఎవరిని వెనకేసుకొచ్చారు అని ఊరంతా తవ్వడం మొదలుపెడుతుంది. ఆట అక్కడ పుడుతుంది.

ఈ ఆటలన్నింటికీ మూలం 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రి దవీదొవ్ తయారుచేసిన మాఫియా. ఆయన అక్కడ సైకాలజీ విద్యార్థి. ఆయన పట్టుకున్న సూత్రం చాలా చిన్నది: అన్నీ తెలిసిన కొద్దిమంది, ఏమీ తెలియని ఎక్కువమంది. ఒకరినొకరు ఎరిగిన నలుగురు, ఎవరినీ ఎరగని ఊరు. మన హాస్టళ్లలో ఒకణ్ణి ఆట నడిపించే గాడ్‌గా కూర్చోబెట్టి, "రాత్రయింది, అందరూ కళ్లు మూసుకోండి" అంటూ ఆడేది ఇదే. మన చిన్నప్పటి చీటీల ఆట ఉంది కదా, రాముడి చీటీ వచ్చినవాడు సీత ఎవరో కనిపెట్టాలి. అక్కడ ముఖం చూసి ఊహించడమే తప్ప పట్టుకోవడానికి ఆధారం ఉండదు, అందుకే రెండు నిమిషాల్లో ఒక్కో ఆట అయిపోతుంది. మాఫియాలో ఓట్లు పోగవుతాయి, మాటలు పోగవుతాయి. నిన్న అన్న మాట ఇవాళ మెడకి చుట్టుకుంటుంది. నువ్వు రాసే నియమాలన్నీ ఈ పోగుని పెంచడానికే పనికిరావాలి.

ఇక లెక్కలు. చాలామంది కథ రాసేవాళ్లు ఇక్కడ పేజీ తిప్పేస్తారు, నువ్వు ఆ పని చేయకు. పన్నెండు మందికి ఐదుగురు దొంగల్ని పెట్టావు. మొదటిరోజు పొరపాటున ఒక అమాయకుణ్ణి పంపారనుకో. ఏడుగురిలో ఆరుగురు మిగిలారు. రాత్రి దొంగలు ఒకరిని తీసేస్తారు, ఐదుగురు మిగిలారు. ఐదుకి ఐదు, దొంగలు ఊరితో సమానమయ్యారంటే గెలిచినట్టే, ఆట అయిపోయింది. ఒక్క తప్పు ఓటుకి సాయంత్రం మొత్తం పోయింది. రెసిస్టెన్స్ అనే ఆటలో పదిమందికి నలుగురు గూఢచారులు ఉంటారు. బహుశా ఆ లెక్క చూసి రాశావేమో. అక్కడ ఎవరూ ఆటలోంచి బయటికి పోరు, ఎవరెవరిని పనికి పంపాలనే ఓటింగ్ జరుగుతుంది, కాబట్టి నలుగురున్నా నడుస్తుంది. నీ ఆటలో మనుషులు తగ్గిపోతుంటారు.

ఇంకో లెక్క చెబుతాను, ఇది కాగితం మీద నువ్వే వేసి చూడు. ఊరి తరఫున ప్రత్యేక పాత్రలేవీ లేవు, ఒక్కడే దొంగ, అందరూ గుడ్డిగా ఓటేస్తున్నారు, ఆట పగటితో మొదలైంది అనుకో. ఐదుగురితో ఆడితే ఊరు గెలిచే అవకాశం 47 శాతం దగ్గర ఉంటుంది. ఊరివైపు ఇంకొకణ్ణి కలిపి ఆరుగురిని చేస్తే ఊరికి బలం పెరగాలి కదా? 37.5 శాతానికి పడిపోతుంది. ఏడుగురైతే మళ్లీ 54కి లేస్తుంది. పగలొకరు, రాత్రొకరు పోతారు కాబట్టి సరిసంఖ్యలో ఆ అదనపు మనిషి ఊరికి ఇంకో ఓటింగ్ తెచ్చిపెట్టలేడు, దొంగ చుట్టూ ఇంకో ముఖంగా మాత్రం కనిపిస్తాడు. అదే ఏడుగురిలో దొంగలు ఇద్దరైతే 23 శాతం. పాత్రల శక్తులు ఈ అంకెల్ని అటూ ఇటూ జరపడానికే ఉన్నాయి. మొదట ఖాళీ ఆట లెక్క వేసుకో, ఎంత జరపాలో తెలిశాక పాత్రలు రాయి.

అబద్ధానికి చోటు ఎలా కల్పిస్తారో చూడాలంటే 2016లో వచ్చిన సీక్రెట్ హిట్లర్ చూడు. 1930ల జర్మనీ నేపథ్యం, లిబరల్స్ మధ్య దాక్కున్న ఫాసిస్టులే ఇందులో చెడ్డవాళ్లు. పలకలు 17 ఉంటాయి, అందులో ఫాసిస్టువి 11, లిబరల్‌వి 6. ప్రెసిడెంట్ మూడు తీస్తాడు, ఒకటి ఎవరికీ చూపకుండా పారేసి రెండు చాన్సలర్‌కి ఇస్తాడు, చాన్సలర్ అందులో ఒకటి బల్ల మీద పెడతాడు. ఫాసిస్టు పలక పడింది. "నాకు మూడూ అవే వచ్చాయి" అంటాడు ప్రెసిడెంట్. నిజం కావచ్చు. మొదటిసారి తీసినప్పుడు మూడూ ఫాసిస్టువే వచ్చే అవకాశం దాదాపు నాలుగోవంతు ఉంది. చెడ్డవాడు నోరు తెరవకముందే ఆ పలకల సంఖ్య అతనికి సాకు సిద్ధం చేసిపెట్టింది. మంచివాడు కూడా ఒక్కోసారి తలదించుకుని అదే సాకు చెప్పుకోవాల్సి వస్తుంది. దొంగ దొరికిపోకుండా మాట్లాడటానికి నటన రానక్కర్లేదు, నియమాల్లోనే అతనికి నీడ ఉండాలి. మాటకారులే గెలిచే ఆట రాస్తే నెమ్మదిగా ఉండేవాళ్లు రెండోసారి ఆడటానికి రారు.

పాత్రల విషయంలో నేను ఎక్కువగా నేర్చుకున్నది స్టీవెన్ మెడ్‌వే చేసిన బ్లడ్ ఆన్ ది క్లాక్‌టవర్ నుంచి. ఆస్ట్రేలియా ఆట, 2022లో జనం చేతికి వచ్చింది. కొత్తవాళ్ల కోసం ఉన్న ట్రబుల్ బ్రూయింగ్ అనే పాత్రల జాబితాలో 22 మంది: ఊరివాళ్లు 13, బయటివాళ్లు 4, దుష్టుడి అనుచరులు 4, అసలు దుష్టుడు ఇంప్ ఒక్కడు. బయటివాళ్లు మంచివైపే ఉంటారు గానీ వాళ్ల శక్తి సొంత ఊరికి చేటు చేస్తుంది. పదిమంది ఆడితే మామూలుగా ఈ బయటివాళ్లు ఎవరూ ఉండరు. కానీ అనుచరుల్లో బ్యారన్ ఉంటే ఇద్దరు వచ్చి చేరతారు. ఇప్పుడు ఒకడు లేచి "నేను బయటివాణ్ణి" అన్నాడంటే ఆ చిన్న మాట వెనక ఎంత ఉందో చూడు. వాడు అబద్ధమాడుతున్నాడా? లేక బ్యారన్ ఉన్నాడా? ఉంటే ఆ రెండోవాడేడీ, ఎందుకు నోరు విప్పడం లేదు? పాత్రలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకోవడం అంటే ఇదే. నీ ఇరవై పాత్రలూ ఎవరి కథలో వాళ్లు ఉన్నారు. పూజారి ఉన్నాడా లేడా అన్నది మునసబుకి పట్టదు. అది సరిచెయ్యి.

అదే ఆటలో డ్రంక్ అని ఒకడుంటాడు. అతనికి తాను డ్రంక్ అని తెలియదు. చేతిలో వేరే ఊరివాడి కార్డు ఉంటుంది, దాన్నే నమ్ముతాడు, రాత్రి అతనికి తప్పుడు సమాచారం అందవచ్చు. పాపం, మనస్ఫూర్తిగా నిజం చెబుతున్నాననుకుంటూ ఊరిని తప్పుదారి పట్టిస్తాడు. ఈ ఒక్కడివల్ల మాటల్లో తేడా కనిపించగానే ఎవరినీ దొంగ అని తేల్చలేం. దుష్టుడికి ఇంకో సాయం: ఏడుగురు, అంతకంటే ఎక్కువమంది ఆడుతున్నప్పుడు, ఆటలో లేని మూడు మంచి పాత్రల పేర్లు ఇంప్‌కి మొదటిరాత్రే చెబుతారు. అబద్ధం ఆడటానికి పెట్టుబడి అది. నీ దొంగలకి నువ్వు ఏం ఇచ్చావు? కత్తి, నిచ్చెన, నల్లదుప్పటి. ఒక్క అబద్ధమూ ఇవ్వలేదు.

మంచివాళ్లకీ అబద్ధం అవసరపడాలి. దీన్ని కొత్తవాళ్లు దాదాపు అందరూ మరిచిపోతారు. చెడ్డవాళ్లొక్కరే అబద్ధమాడే ఆటలో ఒక్క అబద్ధం బయటపడితే చాలు, తీర్పు అయిపోతుంది. క్లాక్‌టవర్‌లోనే రేవెన్‌కీపర్ అనే మంచి పాత్ర ఉంది. రాత్రిపూట చంపబడితేనే అతను ఒకరి పాత్ర ఏమిటో తెలుసుకుంటాడు. అంటే అతను చావాలి. అందుకని పగలు పెద్ద శక్తి ఉన్నవాడిలా ఫోజు కొడతాడు, దుష్టుడు తన మీదికి రావాలని. అవలాన్ అనే ఆటలో మంచివైపున్న మెర్లిన్‌ది ఇంకో రకం కష్టం. 2012లో వచ్చిన ఆ ఆటలో చెడ్డవాళ్లు ఎవరో అతనికి తెలుసు. కానీ మంచివాళ్లు గెలిచాక కూడా చెడ్డవైపు హంతకుడు మెర్లిన్ ఎవరో సరిగ్గా చెబితే గెలుపు వాళ్లదే. తెలిసీ తెలియనట్టు మాట్లాడాలి, గట్టిగా చెప్పకూడదు, చెప్పకుండా ఊరుకోనూ కూడదు. నీ మునసబు అప్పు కథ మూడు పేజీలుంది, ఆడేవాళ్లు దాన్ని ఒకసారి చదివి పక్కన పెడతారు. మెర్లిన్ కష్టాన్ని ఒక్క వాక్యం పుట్టించింది, ఆడినవాడి కడుపులో ఆ టెన్షన్ ఆట అయ్యేదాకా ఉంటుంది. నీలాంటి కథకుడి చేయి పనిచేయాల్సింది ఆ ఒక్క వాక్యం మీద.

పోయినవాళ్ల సంగతి కూడా చూడు. నీ ఆటలో మొదటిరోజు పొలిమేర దాటినవాడు గంటసేపు ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి. క్లాక్‌టవర్‌లో చనిపోయినవాళ్లు మాట్లాడుతూనే ఉంటారు, ఆట ముగిసేలోపు ఇంకొక్క ఓటు వేయొచ్చు. ఆ ఒక్క ఓటు దాచుకోవడంలోనే బోలెడు వ్యూహం ఉంది. పొలిమేర అవతల నిలబడి కేకేసి చెప్పే హక్కు నీవాళ్లకీ ఇవ్వు, నీ కథకి అది చక్కగా అతుకుతుంది.

ఒక విషయంలో మాత్రం నా మాట కాదనకు. దొంగల పక్షాన చేతబడి చేసే ముసలామెని పెట్టావు. తీసెయ్. 1997లో ఆండ్రూ ప్లాట్‌కిన్ మాఫియాని తోడేలు మనుషుల కథగా మార్చాడు, ప్రపంచమంతా ఆడింది. తోడేలు మనిషి అనేవాడు ఎక్కడా లేడు కాబట్టి ఎవరికీ గాయం కాలేదు. మన దగ్గర చేతబడి, బాణామతి అనే అనుమానంతో ఊరంతా ఒక్కటై మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు నిజంగా జరిగాయి. చనిపోయినవాళ్లలో ఒంటరి ఆడవాళ్లు ఉన్నారు, ముసలివాళ్లు ఉన్నారు. పదిమంది కలిసి ఓటేసి ఒకరిని పంపించే ఆటలో ఆ పేరు పెడితే, "అనుమానం నిజమే, ఆమె మంత్రగత్తే" అని కార్డు తేల్చి చెబుతుంది. ఆ మాట మనం చెప్పకూడదు. అలాగే దొంగల పాత్రలకి కులం వాసన తగిలే పేర్లు, వృత్తులు వద్దు. కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్థులని చట్టం చేసి వేధించిన దేశం మనది. నగల దొంగ ఎవరైనా కావచ్చు, పట్నం నుంచి వచ్చిన చుట్టం కావచ్చు, జాతర కమిటీ కోశాధికారి కావచ్చు.

రాత పని గురించి కొంచెం. రాత్రి గాడ్ చదివే మాటలు మళ్లీ చూసుకో. "దొంగ కళ్లు తెరిచాడు, ఒకరిని ఎంచుకున్నాడు" అని రాశావు. ఆ రోజు దొంగ ఒక అమ్మాయి అయితే గాడ్ నాలుక తడబడి "ఎంచుకుంది" అనేస్తాడు, కళ్లు మూసుకున్న అందరికీ సగం గుట్టు తెలిసిపోతుంది. మన క్రియ చివర్లోనే ఆడా మగా బయటపడుతుంది కదా. అన్నిచోట్లా "దొంగ కళ్లు తెరవండి", "ఎంచుకున్నారు" అని గౌరవంగా రాసెయ్, గొడవ ఉండదు. పాత్ర శక్తి ఒక్క వాక్యం దాటకూడదు. ఎప్పుడు అనేది అన్ని కార్డుల మీదా ఒకే మాటల్లో ఉండాలి: "మొదటి రాత్రి", "ప్రతి రాత్రి", "ఆటలో ఒక్కసారి". ఒకచోట "ప్రతి రాత్రి" అనీ ఇంకోచోట "రాత్రిళ్లు" అనీ ఉంటే, తేడా ఏమిటని ఆట మధ్యలో ఎవడో ఒకడు గాడ్‌ని అడుగుతాడు, ఆ ప్రశ్నతోనే అతని పాత్ర బయటపడిపోతుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఇరవై పాత్రల్లోంచి ఊరివైపువి ఎనిమిదింటిని ఎంచుకో. అందులో పూజారి తప్పకుండా ఉండాలి. రేచీకటి ఉన్నవాడు రాత్రి చూసినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నది డ్రంక్‌కి దీటైన ఆలోచన, నీ సొంతం కూడా. కరణం కార్డు చూపించే హక్కు తీసెయ్. దొంగ ఒకడు, వాడికి ఆటలో లేని రెండు పాత్రల పేర్లు చెప్పు. ఏడుగురిని పోగుచేసి నువ్వే గాడ్‌గా కూర్చుని కొన్నిసార్లు ఆడించు, పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకో. ఎవరు గెలిచారన్నది నాకు అక్కర్లేదు. ఎవరు ఏ పాత్రనని చెప్పుకున్నారు, ఎప్పుడు చెప్పారు, ఎవరు నమ్మారు, ఏ ఓటింగ్ ముందు అందరూ ఒక్కసారిగా మాట్లాడారు, ఎప్పుడు ఎవరికీ మాట తోచలేదు, ఇవి రాసి పంపు. మునసబు అప్పుని విడిగా కథగా రాయి. అదీ చదువుతాను.

ఉంటాను,
అన్నయ్య