అమ్మలూ, ఉద్యోగం మానకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అల్లుడు నిన్ను అమెరికా తీసుకెళ్లడానికి నీ పేరు మీద ఐ-130 పిటిషన్ వేశాడని, రసీదు కూడా వచ్చేసిందని చెప్పాడు. నేనూ మీ మావయ్యా కాసేపు సంబరపడ్డాం. ఆ తర్వాత మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఎలాగూ వెళ్లిపోతాను కదా అని రుషికొండలో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేద్దామనుకుంటున్నావట! ఎవరు చెప్పారే నీకు? వెళ్తావు, తప్పకుండా వెళ్తావు, కానీ ఎప్పుడన్నది ఈరోజు ఎవరూ చెప్పలేరు.

అల్లుడికి ఇంకా గ్రీన్ కార్డే కదా. అమెరికా సిటిజన్ భార్యకైతే కోటా లేదు, కాగితాలు నడవడానికి పట్టే టైమే. గ్రీన్ కార్డు వాళ్ల భార్యలు ఎఫ్2ఏ అనే క్యూలో నిలబడాలి. రసీదు మీద ప్రయారిటీ డేట్ అని ఉంటుంది చూడు, నీ వంతు ఆ తేదీని బట్టే వస్తుంది. ఏ తేదీ వాళ్ల దాకా వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా వస్తుంది, తేదీలు ముందుకు జరుగుతాయి, కొన్ని నెలలు అసలు కదలవు, ఒక్కోసారి వెనక్కీ పోతాయి. నెలకోసారి చూసి మూసెయ్, రోజూ చూస్తే పిచ్చెక్కుతుంది.

నాకు 1994లో పెళ్లయితే 1999లో విమానం ఎక్కాను. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ బీఈడీ సీటు వదిలేసుకున్నాను. మంచి చీర కొంటే అక్కడికెళ్లాక కడదామని పెట్టెలో దాచేదాన్ని. నెమలికంఠం రంగు పట్టుచీర ఒకటి మడత విప్పకుండానే మడతల దగ్గర చిట్లిపోయింది. తీసి చూసిన రోజు చీర కోసం కాదు, ఆ ఐదేళ్ల కోసం ఏడ్చాను. నువ్వు ఉద్యోగానికి వెళ్లు, కొన్న చీర కట్టుకో.

కాగితాల సంగతి మీ తరానికి నేను చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ తుఫానులో బీరువా తడిసి నీ జనన ధ్రువపత్రం అలుక్కుపోయింది కదా, విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ)లో కొత్తది తీసుకో. ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్లో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఆ తేడా ఇప్పుడే సరిచూసుకో. పోలీస్ క్లియరెన్స్‌కి తొందరపడకు, దానికి గడువుంటుంది. అల్లుణ్ని ట్యాక్స్ రిటర్నులు జాగ్రత్త చేయమను, స్పాన్సర్‌గా సంతకం పెట్టేటప్పుడు ఆదాయం చూపించాలి. ఇంటర్వ్యూకి మామూలుగా ముంబై వెళ్లాలి. అంతే.

ఇప్పుడు మా ఇంట్లోవాళ్లకీ మీ నాన్నకీ తప్ప ఎవరికీ తెలియని విషయం చెప్తాను.

1998 జనవరిలో దొండపర్తిలో అత్తగారితో మాటా మాటా వచ్చి గాజువాక పుట్టింటికి వచ్చేశాను. గొడవ దేని గురించో ఇప్పుడు చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది, పెరుగు గిన్నె మీద మూత గురించి. నాలుగు రోజుల్లో వెళ్లిపోదామనుకున్నాను, పౌరుషం అడ్డొచ్చింది. అక్కడ ఒంటరిగా ఉన్న మనిషికి టెన్షన్ ఎందుకని మీ మావయ్యకి చెప్పలేదు. ఆయన దొండపర్తికే ఉత్తరాలు రాసేవాడు. మీ నాన్న వారానికోసారి స్కూటర్ మీద వెళ్లి తెచ్చిపెట్టేవాడు. నేనేమో దొండపర్తిలో ఉన్నట్టే జవాబులు రాసేదాన్ని, అత్తయ్యగారు కులాసా అని కూడా రాసేదాన్ని.

ఆ ఫిబ్రవరిలోనే క్యూలో మా వంతు వచ్చింది. వీసా కాగితాలు నింపి పంపమని పెద్ద గోధుమరంగు కవరు దొండపర్తికి వచ్చింది. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. నీలం ఉత్తరాలైతే కోడలివి, ఇదేదో గవర్నమెంటు కాగితం, అబ్బాయి వచ్చాక ఇద్దామని కనకమహాలక్ష్మి పటం వెనక భద్రంగా పెట్టింది. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడకి అంతకన్నా భద్రమైన చోటు ఇంకోటి తెలియదు. మార్గశిరమాసం వచ్చి, లక్ష్మివారం పూజకని పటాలు దింపి తుడుస్తుంటే కవరు కిందపడింది. ఆవిడే రిక్షా కట్టించుకుని గాజువాక వచ్చింది. కవరు మీద కుంకుమ మరక, ఒక మూల పురుగు కొరికేసింది. తేదీ చూసుకుంటే పది నెలలు దాటిపోయింది. ఏడాదిలోపు మన నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే పిటిషన్ రద్దు చేసే అధికారం వాళ్లకుంది. ఆ రూలు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఈమెయిల్ వస్తుంది, నీ స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తూ ఉండు.

ఆ రాత్రి ఎస్టీడీ బూత్‌కి వెళ్లి మీ మావయ్యకి అంతా చెప్పేశాను. అవతల నుంచి మాట లేదు. అద్దం తలుపు వెనక మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెడుతున్నాయి, ఒక్కో అంకె మీ తాతగారి జీతంలోంచి. చాలాసేపటికి, "అయితే పది నెలల్నుంచి నువ్వు లేని ఇంటికి ఉత్తరాలు రాస్తున్నానన్నమాట" అన్నాడు. కవరు గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదలు. కాగితాలు ఆఖరి నిమిషంలో పంపాం, గట్టెక్కాం. ఆ గురువారం అత్తాకోడళ్లం కలిసి బురుజుపేట గుడికి వెళ్లి అమ్మవారికి పసుపు కుంకుమ పెట్టి వచ్చాం. కానీ అల్లుడితో ఫోన్లో మాట్లాడుతూ నువ్వు "అంతా బాగానే ఉంది" అన్నప్పుడల్లా నా గుండె గుభేలుమంటుంది తల్లీ. బాగా లేకపోతే లేదని చెప్పు. మీ అత్తగారితో మాట తేడా వచ్చినా, ఒంట్లో బాగోలేకపోయినా అదే రోజు చెప్పు.

అమెరికా వాళ్లకీ అంతే, నిజమే చెప్పాలి. టూరిస్ట్ వీసా మీద ముందు వెళ్లిపోవచ్చని ఎవరో ఏజెంటు చెప్పాడని మీ అమ్మ అంది. ఆ ఫారంలోనే అడుగుతారు, నీ కోసం ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని. వేశారని నిజం చెప్తే తిరిగి రావని అనుమానించి వీసా ఇవ్వకపోవచ్చు. లేదని రాస్తే అబద్ధం కింద పడి జన్మలో వెళ్లలేకుండా పోవచ్చు. ఆ ఏజెంటు నంబరు తీసెయ్.

ఇంకొకటి. ప్రేమ కొద్దీ అల్లుణ్ని నెలల తరబడి ఇక్కడే ఉండిపొమ్మనకు. ఒక్కసారిగా ఆరు నెలలు దాటి బయట ఉంటే సిటిజన్‌షిప్‌కి చిక్కులొస్తాయి. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సిటిజన్ అయిన రోజే, వీసా కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కి ఆ సర్టిఫికెట్ పంపమను, నువ్వు క్యూలోంచి బయటపడతావు.

డాలస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా, మార్చిలో వాళ్లు గడియారం జరిపాక పదిన్నర. నువ్వు కాఫీ తాగే వేళ అతను అన్నం తింటుంటాడు. వీడియో పెట్టుకుని ఇద్దరూ అలాగే కూర్చోండి, ప్రతిసారీ ఏదో ఒకటి మాట్లాడాలని లేదు. మాకు ఆ వీలు ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని మీ మావయ్య ఇప్పటికీ అంటారు.

ఆదివారం ఇంటికి రా, కాగితాలన్నీ సంచిలో వేసుకుని. వరుసలో పెట్టి ఫైలు చేద్దాం. మావయ్య రాసిన ఆ నీలం ఉత్తరాలు కూడా తీసి ఉంచుతాను, 1998వి వేరే కట్ట కట్టి ఉన్నాయి. అల్లుడికి వీడియోలో చూపిద్దువుగాని.

మీ అత్త