నిమ్మ మొక్క, నియమం నంబర్ 4

“గ్రూపులో మోడరేటర్లు కారణం చెప్పకుండా పోస్టులు తీసేస్తున్నారు, ఎదురడిగితే బయటికి పంపేస్తున్నారు. పోట్లాడాలా, వదిలేసి పోవాలా?” అని అడిగారు. నేను ఒకసారి పోట్లాడి ఓడిపోయినవాణ్ణి. నా సంగతి చెప్తాను, మీ సంగతి మీరే తేల్చుకోండి.

మాది హైదరాబాద్. మేడ మీద నలభై దాకా కుండీలున్నాయి. రిటైరైన దగ్గర్నుంచి పొద్దున్నే వాటి దగ్గరే నా కాఫీ. మిద్దె తోటల వాళ్ల ఫేస్‌బుక్ గ్రూపొకటి ఉంటే చేరాను. వేలల్లో సభ్యులు. అక్కడ నేర్చుకున్నది చాలా ఉంది, కాదనను.

ఒకరోజు ఒక పెద్దావిడ తన నిమ్మ మొక్క ఫోటో పెట్టారు. కొత్త చిగుళ్లు పాలిపోయి దాదాపు తెల్లగా ఉన్నాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, పెన్నుతో గీసినట్టు. అడుగు ఆకులు బాగానే ఉన్నాయి. కింద సలహాల వరద. “పేడ వేయండమ్మా”, “నీళ్లు ఎక్కువయ్యాయి”, “దిష్టి తగిలింది, ఎర్ర గుడ్డ కట్టండి”. ఆవిడ ఏ నీళ్లు పోస్తున్నారని అడిగాను. బోరు నీళ్లట, కుళాయి చుట్టూ తెల్లటి పొర కడుతుందట. ఇంకేం కావాలి? నత్రజని తక్కువైతే ముందు ముదురు ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి. ఇనుము తక్కువైతే లేత ఆకులు. సున్నం ఎక్కువున్న నీళ్లు పోసి పోసి మట్టి క్షారం తిరిగితే, ఇనుము అందులో ఉన్నా వేరు అందుకోలేదు. అప్పుడు ఎంత పేడ వేసినా వెంటనే ఫలితం ఉండదు.

లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ తగ్గాక ఆకుల మీద పిచికారీ చేయండి, వారానికోసారి, రెండు మూడు సార్లు చాలు అని రాశాను. వీలైతే వాన నీళ్లు పట్టి పోయమని కూడా రాశాను. పది నిమిషాల్లో నా వ్యాఖ్య మాయం. “నియమం నంబర్ 4: రసాయనాల ప్రస్తావన నిషిద్ధం” అని సందేశం, 28 రోజులు నోరు మూత.

అడ్మిన్ గారికి విడిగా రాశాను. “అండీ, అన్నభేది మన పూర్వీకులు కరక్కాయతో కలిపి సిరా కాచుకున్న వస్తువు. గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రల్లో చాలావాటిలో ఉండేదీ ఇదే.” ఆయన జవాబు: “దాని ఇంగ్లీషు పేరు ఫెర్రస్ సల్ఫేట్ కదండీ. సల్ఫేట్ అంటే కెమికలే.” వంటింట్లో ఉప్పు కూడా సోడియం క్లోరైడే కదండీ అన్నాను. అనకూడదు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. “వాదన వద్దు సార్” అని ఒక్క ముక్క రాసి గ్రూపులోంచి తీసేశారు.

రెండ్రోజులు నిద్ర పట్టలేదంటే నవ్వకండి. అరవై దాటాక కూడా ఎవరో ముఖం తెలియని మనిషి తలుపు వేసేస్తే అంత మండుతుందని నాకూ అప్పుడే తెలిసింది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఆ నియమం ఊరికే పుట్టలేదు. ఆ గ్రూపులో ఒకప్పుడు పురుగుమందుల డీలర్లు చొరబడి, ఆకుకూరలకు మోనోక్రోటోఫాస్ కొట్టమని సలహాలిచ్చారు. కూరగాయల మీద ఆ మందు వాడకాన్ని మన దేశంలో 2005లోనే నిషేధించారు. మేడ మీద తోటకూర కోసి సాయంత్రం పప్పులో వేసుకునే వాళ్లకు అలాంటి సలహా ఎవరిచ్చినా తీసేయాల్సిందే, అడ్మిన్‌ని నేనైనా అదే చేస్తాను. నా గొడవ నియమంతో కాదు. మోనోక్రోటోఫాస్‌కీ అన్నభేదికీ తేడా తెలియని చేతిలో ఆ నియమం ఉండటంతో. అమెరికాలో సేంద్రియ సాగు నియమాలు కూడా, లోపం ఉందని రుజువుంటే ఇనుము లాంటి సూక్ష్మపోషకాలను సల్ఫేట్ రూపంలో వాడుకోనిస్తాయి. మన మేడ మీదే మడి ఎక్కువైంది!

ఇంకో తమాషా. ఫలానా పదం కనబడితే పోస్టు దానంతటదే ఆగిపోయేలా అడ్మిన్లు పెట్టుకునే వీలుంది కదా. ఇక్కడా అదే పెట్టారు. దాంతో జనం “యూ.రి.యా” అని చుక్కలు పెట్టి రాయడం మొదలెట్టారట. దొంగసారా బేరంలా తయారైంది, మిగిలిన మిత్రులు చెప్పారు.

ఇక మీ ప్రశ్నకు. బహిరంగంగా పోట్లాడకండి, అక్కడ మీ మాట ఉంచడం, తీయడం వాళ్ల చేతిలో పని. విడిగా ఒక్కసారి, మర్యాదగా, “ఏ వాక్యం తప్పో చెప్పండి” అని అడగండి. వాక్యం చూపిస్తే ఆ మనిషితో మాట్లాడొచ్చు. నియమం నంబర్ మాత్రమే చూపిస్తే మీ టైం దండగ. కాస్త పొడుగ్గా ఏది రాసినా ముందు ఫోన్లో నోట్స్‌లో రాసుకుని అతికించండి. నా వ్యాఖ్య పోయింది, మళ్లీ రాసే ఓపిక లేకపోయింది, అందుకే చెప్తున్నాను. వదిలేయాలా అంటే, ఆ గ్రూపులో మీరు నేర్చుకునేది ఇంకా ఉంటే ఉండండి, నోరు కట్టుకుని. నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదనుకోండి. ఇప్పుడు మా కాలనీ వాళ్లం ఇరవై మందిమి వాట్సాప్‌లో మాట్లాడుకుంటున్నాం. అందులో నేనే అడ్మిన్. ఇప్పటిదాకా ఒక్క గుడ్ మార్నింగ్ గులాబీ మాత్రమే తీసేశాను, కారణం కూడా రాశాను.

ఆ పెద్దావిడ నా వ్యాఖ్య మాయమయ్యేలోపే చదివారట. ఇన్‌బాక్స్‌లోకి వచ్చి “ఎంత కలపాలన్నారు బాబూ?” అని అడిగారు. చెప్పాను. నెల తిరక్కుండా కొత్త చిగుళ్లు నిగనిగలాడుతూ వచ్చాయి. ఆవిడ ఆ ఫోటో గ్రూపులో పెట్టి, ఏం వాడారని అడిగినవాళ్లకు “ఒకాయన చెప్పిన చిట్కా” అని ఊరుకున్నారు. అడ్మిన్ గారు ఆ ఫోటోను “ప్రకృతి సాగు ఫలితం” అని రాసి గ్రూపులో అన్నిటికంటే పైన పిన్ చేశారు. మా మేనకోడలు స్క్రీన్‌షాట్ పంపింది, ఇంకా నా ఫోన్లో ఉంది.