ఇండెక్స్ వేసే ముందు ఉన్నవి చూడటం నేర్చుకోండి

ప్రశ్న: మాది నరసరావుపేట. బీటెక్ సీఎస్ఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో ‘ఆర్డర్ల టేబుల్ మీద క్వెరీ బాగా నెమ్మదిగా నడుస్తోంది, ఏం చేస్తావు’ అని అడిగారు. ఇండెక్స్ క్రియేట్ చేస్తానన్నాను. ‘ఆ టేబుల్ మీద ఇప్పటికే ఏ ఇండెక్సులు ఉన్నాయో ఎలా చూస్తావు’ అన్నారు. నోట మాట రాలేదు. సెలెక్ట్ కాలేదు. డేటాబేస్ లైన్ నాకు సరిపడదేమోనని టెన్షన్‌గా ఉంది. నాన్నగారు అప్పు చేసైనా అమీర్‌పేటలో డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) కోర్సులో చేర్పిస్తానంటున్నారు. చేరమంటారా?

జవాబు: కోర్సు సంగతి చివర్లో చెబుతాను. మిమ్మల్ని అడిగిన ఆ రెండో ప్రశ్న చాలా మంచిది, ముందు దాని గురించి మాట్లాడుకుందాం. క్వెరీ అంటే డేటాబేస్‌ని మనం అడిగే ప్రశ్న. ఇండెక్స్ అంటే పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది, టేబుల్ మొత్తం తిరగేయకుండా కావాల్సింది త్వరగా దొరికేలా చేస్తుంది. కాలేజీ ల్యాబులో టేబుల్ మనమే చేస్తాం, పది రోలు (అడ్డు వరుసలు) మనమే ఇన్సర్ట్ చేస్తాం, రికార్డు మీద సంతకం పెట్టించుకుంటాం. అందులో ముందే ఏముందో చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. అందుకే మీకు తట్టలేదు. ఉద్యోగంలో మీ చేతికొచ్చే డేటాబేస్‌కి పదేళ్ల వయసుండొచ్చు. ఎందరో దాని మీద పనిచేసి, తోచిన ఇండెక్సులు వేసి వెళ్లిపోయి ఉంటారు.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నేళ్లు డేటాబేస్ పని చేశాను. మొదటి ఏడాదే బిల్లుల టేబుల్ మీద చూసుకోకుండా ఒక ఇండెక్స్ వేశాను. అవే కాలమ్స్‌తో, అదే వరుసలో, వేరే పేరుతో అప్పటికే ఒకటి ఉంది. క్వెరీ వేగం ఏమీ పెరగలేదు. రాత్రిపూట బిల్లులు లోడ్ చేసే జాబ్ మాత్రం ఇంకా ఆలస్యమైంది. ఒక కొత్త రో టేబుల్‌లో పడితే, ఆ టేబుల్ మీద ఉన్న ఇండెక్సుల్లోనూ దాన్ని రాయాలి కదా. నేను ఆ రాత పనిని పెంచానంతే.

ఇక చూసే పద్ధతి. తనలో ఏ టేబుళ్లు, ఏ ఇండెక్సులు ఉన్నాయో డేటాబేస్ తన కేటలాగ్‌లో రాసి పెట్టుకుంటుంది. ఆ కేటలాగ్‌ని కూడా మామూలు టేబుల్‌లాగే క్వెరీ చేయగలగాలని, రిలేషనల్ డేటాబేస్ ఆలోచనకు మూలపురుషుడైన ఎడ్గర్ కాడ్ 1985లో ప్రకటించిన నియమాల్లో నాలుగోది చెబుతుంది. అయితే డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌కి ఉన్న స్టాండర్డ్ ఇండెక్సుల జోలికి పోలేదు. అందుకే ఒక్కో డేటాబేస్‌లో ఒక్కో దారి. మైఎస్‌క్యూఎల్‌లో ‘షో ఇండెక్స్ ఫ్రమ్’ అని టేబుల్ పేరు రాస్తే చాలు. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్‌లా చూడగలిగే పీజీ ఇండెక్సెస్ అనే వ్యూ ఉంది, ఆ ఇండెక్స్‌ని ఏ కమాండ్‌తో చేయొచ్చో కూడా అందులో కనిపిస్తుంది. ఒరాకిల్‌లో యూజర్ ఇండెక్సెస్ చూసి, కాలమ్స్ కోసం యూజర్ ఇండ్ కాలమ్స్ చూడాలి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎస్‌పీ హెల్ప్‌ఇండెక్స్ అనే ప్రొసీజర్ ఉంది. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు, ఒకటి రెండు చేతికి అలవాటైతే మిగతావి అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు.

జాబితా తెచ్చుకోవడం తేలికే. దాన్ని చదవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. కస్టమర్ ఐడీ, ఆర్డర్ తేదీ ఈ వరుసలో ఒక ఇండెక్స్ ఉందనుకోండి. కస్టమర్ ఐడీతో వెతికే క్వెరీకి అది బాగా పనికొస్తుంది. తేదీ ఒక్కటే ఇచ్చి వెతికితే సాధారణంగా పెద్దగా ఉపయోగపడదు. మన ఓటర్ల జాబితా గుర్తు తెచ్చుకోండి. పార్ట్ నంబరు తెలిస్తే మీ పేరు కాసేపట్లో దొరుకుతుంది, పేరు ఒక్కటే పట్టుకుని కాగితాలు తిరగేస్తే పొద్దుపోతుంది. మైఎస్‌క్యూఎల్ ఇచ్చే జాబితాలో ‘సీక్ ఇన్ ఇండెక్స్’ అనే కాలమ్ ఈ వరుసే చెబుతుంది. అది చూస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది: కస్టమర్ ఐడీ మీద విడిగా మరో మామూలు ఇండెక్స్ ఉంటే అది చాలావరకు అదనపు బరువే.

ఫారిన్ కీ సంగతి కూడా తెలుసుకోండి. ఒక టేబుల్‌లోని కాలమ్‌ని ఇంకో టేబుల్‌లోని రోతో కలిపే బంధమే ఫారిన్ కీ. ఫారిన్ కీ పెడితే దాని కాలమ్ మీద ఇండెక్స్ లేకపోతే మైఎస్‌క్యూఎల్‌లో డేటాని దాచే భాగమైన ఇన్నోడీబీ తానే వేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ వేయవు. ఒకదాంట్లో పనిచేసి ఇంకోదాంట్లోకి మారినవాళ్లు, అదెలాగూ ఉంటుందిలే అనుకుని ఇక్కడే ఇబ్బంది పడతారు.

ఉన్న ఇండెక్స్‌ని ఎవరైనా వాడుతున్నారా అన్నది ఆ తర్వాతి మెట్టు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యూజర్ ఇండెక్సెస్ చూస్తే ఒక్కో ఇండెక్స్ మీద ఎన్ని స్కాన్లు జరిగాయో లెక్క ఉంటుంది. సున్నా కనబడగానే డ్రాప్ చేస్తానని మాత్రం ఇంటర్వ్యూలో అనకండి. అది నెలాఖరు రిపోర్టు కోసం ఉన్నది కావచ్చు, డూప్లికేట్లు పడకుండా కాపలా కాసే యూనిక్ ఇండెక్స్ కావచ్చు.

ఇప్పుడు కోర్సు. అప్పు చేసి ఇప్పుడే చేరవద్దు. మైఎస్‌క్యూఎల్ కమ్యూనిటీ ఎడిషన్, పోస్ట్‌గ్రెస్ రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో జనరేట్ సిరీస్ అనే ఫంక్షన్‌తో ఐదు లక్షల ఆర్డర్లు మీరే పుట్టించండి. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెట్టి క్వెరీ నడపండి, క్వెరీ ఏ దారిలో నడిచిందో, ఎంత టైమ్ పట్టిందో అది చూపిస్తుంది. ఉన్న ఇండెక్సులు చూడండి, ఒకటి వేయండి, మళ్లీ నడపండి, టైమ్ ఎంత మారిందో నోట్సులో రాసుకోండి. డీబీఏ పనిలో ఇదొక్కటే ఉండదు. బ్యాకప్, రికవరీ, రెప్లికేషన్ (డేటా కాపీని వేరే సర్వర్‌లో ఉంచడం), పర్మిషన్లు, అర్ధరాత్రి ఫోన్లు కూడా ఉంటాయి. రెండు మూడు నెలలు సొంతంగా చేశాక కూడా ఆసక్తి నిలిస్తే అప్పుడు కోర్సు గురించి ఆలోచిద్దాం. నాన్నగారికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి.

ఒక్క ఇంటర్వ్యూలో జవాబు రాకపోతే లైన్ సరిపడనట్టు కాదమ్మా. మళ్లీ ఇదే ప్రశ్న వస్తే ఇలా చెప్పండి: ‘ముందు ఎక్స్‌ప్లెయిన్‌తో క్వెరీ ప్లాన్ చూస్తాను. ఆ టేబుల్ మీద ఏ ఇండెక్సులున్నాయో, కాలమ్స్ ఏ వరుసలో ఉన్నాయో చూస్తాను. వాటితో పని జరగదని తేలితేనే కొత్తది వేస్తాను.’ ఆపైన మీ నోట్సులోని ఐదు లక్షల రోల అనుభవం చెప్పండి.