ఐజీజీ మూడుసార్లు నెగిటివ్ వచ్చినా హెర్పిస్ భయం పోవట్లేదు, ఇంకో టెస్ట్ చేపిచ్చుకోవాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివినాను. ఏడు నెలల కింద బెంగళూరులో ఒక పరిచయం లేని అమ్మాయితో కలిసినావు, కాండోమ్ వాడినావు గానీ మధ్యలో కొంచెంసేపు లేకుండా ఐంది, తర్వాత ఆరో వారంలో, మూడు నెలలు నిండినాక, మళ్లీ ఐదు నెలలకి హెచ్‌ఎస్‌వి 2 (మర్మాంగాల దగ్గర హెర్పిస్ తెచ్చే వైరస్) ఐజీజీ రక్త పరీక్ష చేపిస్తే మూడూ నెగిటివే, పొక్కు ఒక్కటి కూడా లేదు, తొడల్లో మాత్రం చిమచిమ అంటా ఉంటాది, ప్రొద్దుటూరులో ఇంట్లోవాళ్లు సంబంధాలు చూస్తున్నారు, నిద్ర పట్టట్లేదు, ఇంకో టెస్ట్ చేపిచ్చుకోవాలా అని అడిగినావు.

వద్దు. ఐదు నెలల నెగిటివ్ చాలు. ఊరికే ధైర్యం చెప్పేదానికి అంటున్న మాట కాదిది, నేను అనంతపురం వాడ్ని, బెంగళూరులో పని చేసేటప్పుడు అచ్చం ఇదే బాధ పడినాను, అందుకే ఎందుకు చాలో కూడా వివరంగా రాస్తాను, కొంచెం పొడుగైనా చదువు.

ముందు టెస్ట్ సంగతి. ఐజీజీ అంటే ఆ వైరస్ మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ. వైరస్ వచ్చిన రోజే అది తయారవదు, కొందరికి కొన్ని వారాల్లోనే వచ్చేస్తాది, ఎక్కువమందికి 12 నుంచి 16 వారాల లోపల వచ్చేస్తాది. అందుకే నీ ఆరో వారం రిపోర్ట్‌కి అంత విలువ లేదు, దాన్ని పక్కన పెట్టెయ్. 12 వారాలు దాటినాక వచ్చిన నెగిటివ్‌కి విలువ ఉంది, ఐదు నెలలదానికి ఇంకా ఎక్కువ ఉంది. ఐదు నెలలకి రానిది ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో కొత్తగా బయటపడతాదని ఎదురు చూసే పని లేదు.

రెండోది, నువ్వు నంబర్ 0.18 నుంచి 0.43 అయింది, పెరుగుతా ఉంది కదన్నా అని అడిగినావే, అది పెరగడం కాదు. చానా కిట్లలో 0.9 కింద ఉంటే నెగిటివ్, 0.9కి 1.1కి మధ్యన ఉంటే ఏదీ తేల్చలేం మళ్లీ చెయ్యాలి, 1.1 దాటితే పాజిటివ్ అంటారు. 0.9 కింద ఎంత ఉన్నా అంతా ఒకటే, 0.18 ఐనా 0.43 ఐనా. అదే రక్తం అదే రోజు రెండు మెషిన్లలో పెట్టినా నంబర్ కొంచెం అటూ ఇటూ వస్తాది. నేను కూడా ఆ పాయింట్ల మీద పడి రాత్రంతా లెక్కలు వేసినోన్నే, అందులో ఏం లేదు.

రిపోర్ట్ మాత్రం ఒకసారి తీసి, హెచ్‌ఎస్‌వి 2 ఐజీజీ అని విడిగా రాసినారా, లేకపోతే 1, 2 రెండూ కలిపి ఒకే నంబర్ ఇచ్చినారా చూసుకో. నువ్వు రాసినదాన్ని బట్టి విడిగానే ఉంది, మంచిది. ఇది ఎందుకు చెప్తున్నానంటే హెచ్‌ఎస్‌వి 1 అనేది పెదాల మీద జ్వరం పొక్కులు తెచ్చేది, చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల ముద్దుల వల్ల చానామందికి వచ్చేసుంటాది, డబ్ల్యూహెచ్‌ఓ 2020 లెక్క ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలో 380 కోట్ల మందికి, అంటే 64 శాతం మందికి ఉంది. రెండూ కలిపి చేసిన టెస్ట్ పాజిటివ్ వచ్చి, పెదాల మీద వైరస్‌ని ఎక్కడిదో అనుకొని కుమిలిపోయేవాళ్లు ఉన్నారు.

ఇంకా ఘోరం ఐజీఎం, అది ఇంకో రకం యాంటీబాడీని చూసే టెస్ట్. నా సంగతి అక్కడే మొదలైంది. అప్పట్లో ఒక ల్యాబ్‌లో ఫుల్ ఎస్టీడీ ప్యాకేజ్ అని ఉంటే ఇచ్చినాను, అందులో హెర్పిస్ కింద ఐజీఎం ఒక్కటే చేసినారు, గీత మీద కొంచెం ఎక్కువ చూపిచ్చి ఎర్ర అక్షరాల్లో పాజిటివ్ అని వచ్చింది, ఫోన్‌లో ఆ పీడీఎఫ్ తెరిచినప్పుడు చేతులు వణికినాయి. అన్నం సయించలేదు, అమ్మ ఫోన్ చేస్తే ఎత్తబుద్ది కాలేదు. ఇంటికొచ్చి అనంతపురం పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి పోయినాను. ఆ మేడమ్ రిపోర్ట్ అటు తిప్పి ఇటు తిప్పి, పుండు యాడుంది బాబూ అనింది. లేదు మేడమ్ అన్నాను. ఎప్పుడన్నా వచ్చిందా అనింది. లేదు మేడమ్. మరి దీన్ని ఎవురు చేపిచ్చుకోమన్నారు అని, ఐజీఎం హెర్పిస్‌కి పనికిరాదు, వేరే వైరస్‌లకి కూడా పాజిటివ్ చూపిస్తాది, ఒకటా రెండా కూడా తేల్చలేదు అని పేపర్ మడిచి నా చేతిలో పెట్టింది. తర్వాత పరదా వెనకకి రమ్మని లైట్ వేసి లెన్స్ పెట్టి చూసింది. నేను పొక్కులని భయపడతా ఉన్నవాటిని ఒక్కొక్కటే చూపిచ్చి, ఇవి వెంట్రుక కుదుళ్లు, ఈ చిన్న తెల్ల చుక్కలు చానామంది మగవాళ్లకి మామూలుగానే ఉంటాయి, ఇది మాత్రం తామర అని గజ్జల దగ్గర గుండ్రంగా ఎర్రగా ఉన్నదాన్ని చూపిచ్చింది. మన ఎండలకి, చెమటకి, టైట్ జీన్స్‌కి గజ్జల్లో తామర లేనోడు ఎవడు చెప్పు. దానికి పూత మందు రాసిచ్చింది, స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు మెడికల్ షాపులో అడిగి పూసుకోవద్దని గట్టిగా చెప్పింది, ఐజీజీ మాత్రం 12 వారాలు దాటినాకే, అదీ కావాలనుకుంటేనే చేపిచ్చుకోమనింది. అప్పుడు చేపిచ్చినాను, నెగిటివ్.

నెగిటివ్ వస్తే అయిపోవాల కదా. అయిపోలేదు, నీకు కానట్టే. ఆ సాయంత్రం వరకు హాయిగా ఉన్నాను, రాత్రికి టెస్ట్ తప్పైతే ఎట్లా అనేది మొదలైంది.

ఇప్పుడు ఆ అనుమానం గురించే సీదాగా మాట్లాడదాం, ఎందుకంటే అందులో కొంచెం నిజం ఉంది, ఆ కొంచెమే మనల్ని తినేస్తాది. హెచ్‌ఎస్‌వి 2 ఐజీజీ నూటికి నూరు పట్టుకునే టెస్ట్ కాదు. ఇన్‌ఫెక్షన్ ఉన్న 100 మందిలో 80 నుంచి 98 మందిని పట్టుకుంటాదని అమెరికా సర్కారు ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లే చెప్తారు, తప్పిపోయేది ఎక్కువగా మొదటి వారాల్లో చేసినప్పుడు. నేను ఆ 80 ని పట్టుకొని, ఐతే నాకు 20 శాతం ఉన్నట్టే కదా అని కూర్చున్నాను. లెక్క అట్లా రాదు తమ్ముడూ. ఊరికే లెక్క కోసం అనుకుందాం, నీలాగే ఒకేసారి కలిసి, ఎక్కువసేపు కాండోమ్ వాడిన 100 మంది ఉన్నారు, అందులో ఇద్దరికి అంటింది అనుకో. టెస్ట్ నూటికి 80 మందినే పట్టుకున్నా ఆ ఇద్దరిలో తప్పిపోయేది అర మనిషి కూడా కాదు. మిగతా 98 మందికి అసలు లేనే లేదు, లేనిదాన్ని తప్పిపోయేది ఎట్లా. 20 శాతం అనేది ఉన్నవాళ్లలో తప్పిపోయే లెక్క, నెగిటివ్ వచ్చినవాళ్లలో ఉండే లెక్క కాదు. పైగా నీకు రెండు నెగిటివ్‌లు సరైన టైమ్‌లో వచ్చినాయి, ఒక్క పొక్కూ లేదు.

ఇంకో వాక్యం ఉంది, నువ్వు కూడా రాసినావు, లక్షణాలు లేకపోయినా హెర్పిస్ ఉండచ్చంట కదన్నా అని. నిజమే, చానామందికి లక్షణాలు ఉండవు, ఉన్నా తెలియనంత తక్కువ ఉంటాయి. కానీ ఆ మాట టెస్ట్ చేపిచ్చుకోనోళ్ల గురించి. రక్తంలో యాంటీబాడీ చూసే టెస్ట్‌కి పొక్కుతో పనే లేదు, పొక్కు రానోళ్లని కూడా పట్టుకుంటాది. నేను ఈ రెండు మాటల్నీ కలిపేసి, పొక్కు లేకపోవడం కూడా అనుమానమే, టెస్ట్ నెగిటివ్ కూడా అనుమానమే అని ఎటు తిరిగినా దారి లేకుండా చేసుకొని ఉంటిని, ఆ మేడమ్ అది విడదీసి చెప్పినాకనే బుర్రకెక్కింది.

తొడల్లో చిమచిమ సంగతి. అంటుకుంటే మామూలుగా 2 నుంచి 12 రోజుల్లో మొదటిసారి పుండ్లు వస్తాయి, వచ్చేవాళ్లకి. పొక్కే లేకుండా నెలల తరబడి ఒకసారి ఎడమ తొడ, ఒకసారి కాలి వేళ్లు, ఒకసారి నడుము అని తిరిగే చిమచిమ హెర్పిస్ తీరు కాదు. రోజంతా అక్కడే ధ్యాస పెట్టి, నిద్ర లేక, నరాలు బిగబట్టుకొని కూర్చుంటే ఎవురికైనా చిమచిమ అంటాది. మరీ ఎక్కువ ఉంటే డాక్టర్‌కి చూపిచ్చుకో, బీ12 తక్కువైనా షుగర్ ఉన్నా కూడా అట్లా ఉండచ్చు.

వెస్టర్న్ బ్లాట్ అని అడిగినావు, ఐజీజీ రిపోర్ట్‌ని మళ్లీ సరిచూసే ఇంకో రక్త పరీక్ష అది. హెర్పిస్‌కి ఆ టెస్ట్ అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీలో చేస్తారు, అది ముఖ్యంగా ఐజీజీ 1.1 కి 3 కి మధ్య తక్కువ పాజిటివ్ వచ్చి, అది నిజమో కాదో తేలనోళ్లకి. నీకు పాజిటివే రాలేదు. అసలు లక్షణాలు లేనోళ్లకి హెర్పిస్ రక్త పరీక్ష చెయ్యొద్దనే అక్కడి నిపుణుల కమిటీ 2016లో చెప్పింది, 2023లో మళ్లీ అదే చెప్పింది, కారణం తప్పుడు పాజిటివ్‌లు. అంటే నువ్వు మళ్లీ మళ్లీ చేపిచ్చేకొద్దీ ఏదో ఒకసారి ఉత్తుత్తి పాజిటివ్ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ పెట్టుకుంటున్నావు. అది వస్తే ఏమైపోతావు?

టెస్ట్ మళ్లీ అవసరమయ్యేది ఒక్క సందర్భంలో. నీళ్ల పొక్కు గానీ పుండు గానీ కొత్తగా లేస్తే, ఒకటి రెండు రోజుల్లోనే, ఎండిపోకముందే, ఏ ట్యూబూ పూయకుండా డాక్టర్ దగ్గరికి పో, అప్పుడు ఆ పొక్కు నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేస్తే అది చానా గట్టి టెస్ట్. పొక్కు లేకుండా ఎసైక్లోవిర్ (హెర్పిస్ మందు) కొనుక్కొని మింగొద్దు.

సరే, ఇదంతా చదివినాక నీకు ఒక గంటసేపు బాగుంటాది. మళ్లీ రాత్రికి ఫోన్ తీసి వెతుకుతావు. అది నాకు తెలుసు, అందుకే ఇది కూడా రాస్తున్నాను. టెస్ట్ చేపిచ్చుకోవడం, టార్చ్ వేసి చూసుకోవడం, ఎవురో ఒకర్ని అడగడం, ఇదంతా తామర గోకినట్టు, గోకినంతసేపు హాయి, తర్వాత ఇంకా పాకుతాది. నేను బాత్రూంలో తలుపేసుకొని ఫోన్ టార్చ్‌తో చూసుకొని చూసుకొని, ఆ రాపిడికే చర్మం ఎర్రబడితే దాన్ని కూడా లక్షణం అనుకునేవాడిని. చివరికి సైకియాట్రీ ఓపీకి పోయినాను. పిచ్చోళ్లు పోయే చోటని మనోళ్లు అనుకుంటారు గానీ అక్కడ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లలో టీచర్లు, రైతులు, పెళ్లికాని పిల్లలు అందరూ ఉన్నారు. డాక్టర్ నా మాటకి నవ్వలేదు, విసుక్కోలేదు. రోగం ఉందేమో అనే భయమే ఒక జబ్బు, దానికి వైద్యం ఉంది అని చెప్పినాడు. చూసుకోవడం స్నానం టైమ్‌కే, అదీ చేత్తో తడమకుండా, గూగుల్ బంద్, చూసుకోవాలనిపిస్తే ఆ ఆరాటాన్ని ఓర్చుకొని కొంచెంసేపు ఆగు, రోజుకింత ఆగే టైమ్ పెంచు అన్నాడు. మాత్రలు కూడా రాసినాడు, అవి పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడతాది, మొదట్లో కడుపులో తిప్పింది, తర్వాత సర్దుకుంది. మొదటి వారాలు నరకమే, ఆగలేక ఏడుపొచ్చేది. కానీ తగ్గింది తమ్ముడూ, నిజంగా తగ్గింది, ఏ ల్యాబ్ రిపోర్టూ తగ్గించలేనిది అక్కడ తగ్గింది.

నీకు కడప రిమ్స్ దగ్గరే, సైకియాట్రీ ఓపీ ఉంటాది. ఎవురన్నా చూస్తారని భయమైతే ముందు 14416 కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అని సర్కారుదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు లేవు, రాత్రిపూట కూడా ఎత్తుతారు. చచ్చిపోవాలనిపిస్తా ఉందని ఒక చోట రాసినావు కదా, అందుకని రేపూ ఎల్లుండీ కాదు, ఈరోజే చెయ్యి, ఇంట్లో ఒక్కరికైనా నిద్ర పట్టట్లేదని చెప్పు, కారణం చెప్పకపోయినా పర్లేదు.

ఒక్కటి నువ్వు రాయలేదు, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి చేపిచ్చినావా? హెర్పిస్ గురించి ఇన్ని పేజీలు చదివినావు గానీ వీటి మాటే లేదు. నిజానికి ముందు చూసుకోవాల్సింది ఇవే, ముందే తెలిస్తే వైద్యంతో చానా తేడా ఉంటాది, సిఫిలిస్ ఐతే పెన్సిలిన్‌తో పూర్తిగా పోతాది. నీకు మూడు నెలల గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఒక్కసారి చేపిచ్చుకుంటే తేలిపోతాది. రిమ్స్‌లో ఐసీటీసీ అని సర్కారు హెచ్‌ఐవీ టెస్ట్ సెంటర్ ఉంది, హెచ్‌ఐవీ టెస్ట్ ఫ్రీ, టెస్ట్‌కి ముందు తర్వాత కౌన్సిలర్ మాట్లాడతారు, 2017 చట్టం ప్రకారం నీ హెచ్‌ఐవీ సంగతి నీ అనుమతి లేకుండా బయటకి చెప్పకూడదు. ఏదన్నా అడగాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 కి ఫోన్ చెయ్యి.

ఇక పెళ్లి సంగతి. అమ్మాయికి మోసం చేసినట్టు అవుతాదేమో అని రాసినావు, ఆ ఆలోచన రావడం మంచిదే, కానీ నీ దగ్గర దాచేదానికి హెర్పిస్ లేదు. ఉన్నవాళ్లు కూడా పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు, భార్యకి చెప్పి, పుండు ఉన్నప్పుడు దూరంగా ఉండి, డాక్టర్ రాస్తే రోజూ మాత్ర వేసుకొని, కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్‌కి ముందే చెప్పి జాగ్రత్త పడతారు. టవల్ వల్లో బాత్రూం వల్లో ఇంట్లోవాళ్లకి అంటుతాదని నీ బట్టలు విడిగా ఉతుక్కుంటున్నావంట, అట్లా అంటదు, ఆపెయ్. ఇంకో హెర్పిస్ రిపోర్ట్ వచ్చేవరకు అని పెళ్లిచూపులు వాయిదా వెయ్యొద్దు, ఐసీటీసీ పని మాత్రం ఈ వారంలోనే పెట్టుకో, పొద్దున ఓపీ తెరిచే టైమ్‌కే పోతే లైన్ తక్కువ ఉంటాది.